సులభమైన కాలిబాట అంటే ఏమిటి? - హవాయిలోని ఓఆహు ద్వీపం ఉదాహరణగా

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత, ఒక కాలిబాట పిల్లలూ పెద్దలూ ఉన్న కుటుంబానికి తగినదో కాదో మీరు అంచనా వేయగలుగుతారు. పర్వతాలున్న ఉష్ణమండల ద్వీపంలో వాన ఒక పక్కనే ఎందుకు ఎక్కువగా కురుస్తుందో, అది నడకదారుల భద్రతను ఎలా నిర్ణయిస్తుందో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అలిపిరి నుండి తిరుమలకు కాలినడకన వెళ్లినవారికి ఒక విషయం అనుభవంలోకి వచ్చే ఉంటుంది. మెట్లు మూడున్నర వేలని ముందే విని ఉంటాం. కాని ఆ సంఖ్య మనకు చెప్పనిది చాలా ఉంది. గాలిగోపురం వచ్చేదాకా ఆయాసం, ఆ తరువాత చాలా దూరం హాయిగా సాగే నడక, చివరికి వచ్చేసరికి మోకాళ్ల పర్వతం. వయసు మళ్లినవారు కూడా ఎక్కగలుగుతున్నారంటే అందుకు కారణం దారి చిన్నదని కాదు. పైకప్పు నీడ, తాగునీరు, కూర్చోవడానికి చోటు, పక్కన తోటి మనుషులు ఉండడం వల్ల ఆ దారి సాధ్యమవుతోంది.

పర్యాటక రంగంలో 'సులభమైన నడక', 'కుటుంబ సమేతంగా వెళ్లదగినది' అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. కరపత్రంలో ఈ మాట పక్కన సాధారణంగా ఒకే ఒక వివరం ఉంటుంది: ఇన్ని కిలోమీటర్లు. ఆ ఒక్క వివరాన్ని నమ్మి ఆరేళ్ల పిల్లవాడినీ అరవై ఐదేళ్ల అమ్మమ్మనూ వెంటబెట్టుకుని వెళ్లవచ్చా అన్నదే ఈ పాఠంలో మన ప్రశ్న.

జవాబు కోసం పసిఫిక్ మహాసముద్రంలోని ఓఆహు ద్వీపాన్ని ఉదాహరణగా తీసుకుందాం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒకటైన హవాయి రాజధాని హోనోలులు ఈ ద్వీపంలోనే ఉంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, ఇక్కడి నుండి చూడవచ్చిన తల్లిదండ్రులతో కలిసి సెలవులకు వెళ్లే ప్రదేశాలలో హవాయి కూడా ఒకటి. ఓఆహు వైశాల్యం సుమారు 1,545 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు 10 లక్షలు. ఇంత చిన్న చోట ఎండు కొండ, తడి అడవి, సముద్రపు గట్టు, జలపాతపు లోయ అన్నీ పక్కపక్కనే ఉండడం వల్ల పోల్చి చూడడం తేలిక.

2. ద్వీపం, గాలి, వాన

ఓఆహు ఉత్తర అక్షాంశం 21 డిగ్రీల దగ్గర ఉంది, అంటే ఇంచుమించు మన నాగపూర్ అక్షాంశం. ద్వీపానికి తూర్పున కోఓలావు, పడమర వైయానయి అనే రెండు పర్వత శ్రేణులున్నాయి. రెండూ చాలాకాలం కిందట చల్లారిపోయిన అగ్నిపర్వతాల అవశేషాలే. వైయానయి శ్రేణిలోని కాఆలా శిఖరం ఎత్తు సుమారు 1,227 మీటర్లు. ద్వీపంలో అదే ఎత్తయినది.

ఏడాదిలో ఎక్కువ భాగం ఇక్కడ ఈశాన్య వ్యాపార పవనాలు వీస్తాయి. సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చిన ఈ గాలి కోఓలావు శ్రేణికి తగిలి పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడుతుంది, తేమ మబ్బుగా మారి కొండ అంచున కురిసిపోతుంది. దీనినే పర్వతీయ వర్షపాతం అంటారు. కొండ దాటి అవతలికి దిగే గాలిలో తేమ తక్కువ. కాబట్టి ఆ పక్క పొడిగా ఉంటుంది. రాయలసీమ ఎందుకు వర్షచ్ఛాయా ప్రాంతమైందో మీరు భూగోళశాస్త్రంలో చదివి ఉంటారు. అక్కడ వందల కిలోమీటర్ల విస్తీర్ణంలో జరిగేది ఇక్కడ ఒక సిటీ బస్సు ప్రయాణమంత దూరంలో జరుగుతుంది.

రెండు ప్రదేశాలు చూడండి. హోనోలులు విమానాశ్రయం దగ్గర ఏడాదికి కురిసేది 500 మిల్లీమీటర్ల లోపే, అంటే అనంతపురం కంటే తక్కువ. అక్కడికి పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో, కోఓలావు పర్వతాల ఒడిలో ఉన్న మానోవా లోయ ఎగువ భాగంలో వర్షపాతం 3,500 మిల్లీమీటర్లు దాటుతుంది. సముద్రతీరంలో నిలబడి చూస్తే మీ మీద ఎండ, కొండ మీద వాన ఒకేసారి కనిపిస్తాయి.

స్థానికుల మాటల్లో కూడా ఈ భూస్వరూపం ఉంది. హోనోలులులో దారి చెప్పేటప్పుడు ఉత్తరం, దక్షిణం కన్నా 'మౌకా', 'మకాయి' అనే హవాయి మాటలే ఎక్కువగా వాడతారు. మౌకా అంటే కొండ వైపు, మకాయి అంటే సముద్రం వైపు. నడకకు వెళ్లే కుటుంబానికి ఈ రెండు మాటలు నిజంగా పనికొస్తాయి. సెల్‌ఫోనులో చూసే నగర వాతావరణ సమాచారం ఎక్కువగా మకాయి పరిస్థితిని చెబుతుంది. మీరు నడవబోయే దారి మౌకా వైపు ఉంటే ఆ సమాచారం సరిపోదు.

3. దూరం, ఎత్తు, వాలు: ఒక లెక్క

నడకకు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన ఈ సూత్రాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే ఇలా ఉంటుంది: ప్రతి 5 కిలోమీటర్ల దూరానికి ఒక గంట, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఒక గంట. ఇది ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి ఆగకుండా నడిస్తే పట్టే సమయం.

దీన్ని ఓఆహులోని నాలుగు దారులకు వర్తింపజేద్దాం. డైమండ్ హెడ్ దారి రానుపోను 2.6 కిలోమీటర్లు, ఎక్కుడు 171 మీటర్లు. దూరానికి 31 నిమిషాలు, ఎక్కుడికి 17 నిమిషాలు, మొత్తం 48 నిమిషాలు. మానోవా జలపాతం దారి కూడా రానుపోను ఇంచుమించు 2.6 కిలోమీటర్లే. ఎక్కుడు 180 మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి సమయం కూడా దాదాపు అంతే. మకాపూ దీపస్తంభం దారి 3.2 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 150 మీటర్లు, అంటే 53 నిమిషాలు. నాలుగోది కోకో క్రేటర్ మెట్లు. రానుపోను 2.5 కిలోమీటర్ల ప్రాంతంలో ఉండే ఈ దారిలో ఎక్కుడు 270 నుండి 300 మీటర్ల మధ్య ఉంటుంది. సూత్రం ప్రకారం ఇదీ గంట లోపే.

అంటే నాలుగు దారులూ నలభై ఎనిమిది నిమిషాలకూ గంటకూ మధ్యనే ఇమిడిపోయాయి. ఈ లెక్క మాత్రమే చూసేవారికి నాలుగూ ఒకటే! కాని కోకో క్రేటర్ దారిని చూసినవారెవరూ అలా అనరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొండ మీది సైనిక స్థావరానికి సామగ్రి చేరవేయడానికి నిట్టనిలువుగా వేసిన రైలు పట్టాల దుంగలే అక్కడి మెట్లు. ఒక వెయ్యికి పైగా ఉంటాయి. ఒక చోట దుంగల కింద నేల ఉండదు, సందుల్లోంచి కింది లోయ కనిపిస్తుంది. నీడ దాదాపు లేదు.

ఇక్కడ మనకు ఉపయోగపడే కొలత సగటు వాలు. ఎక్కిన ఎత్తును ఒకవైపు దూరంతో భాగిస్తే వాలు వస్తుంది. మకాపూకు అది 9 శాతం, డైమండ్ హెడ్‌కు 13 శాతం, కోకో క్రేటర్‌కు 20 శాతం పైమాటే. చిన్నపిల్లల తోపుడు బండి నెట్టుకుంటూ పోగలిగే దారికీ, తల్లి చేయి పట్టుకుని ఎక్కే దారికీ, పిల్లలను తీసుకుపోకూడని దారికీ మధ్య తేడా ఈ అంకెల్లో బయటపడింది.

అయితే వాలు కూడా చెప్పలేని తేడా ఒకటి మిగిలింది. డైమండ్ హెడ్‌కూ మానోవాకూ దూరం ఒకటే, ఎత్తు ఒకటే, వాలూ ఒకటే. అయినా ఈ రెండూ పూర్తిగా వేరు వేరు దారులు. ఎందుకో చూద్దాం.

4. డైమండ్ హెడ్: ఎండలో మెట్లు

వైకీకీ సముద్రతీరం ఫొటోలలో వెనుక కనిపించే గోధుమరంగు కొండే డైమండ్ హెడ్. దీని హవాయి పేరు లేఆహి. పందొమ్మిదవ శతాబ్దంలో వచ్చిన బ్రిటిష్ నావికులు ఇక్కడి రాళ్లలో మెరిసే కాల్సైట్ స్ఫటికాలను చూసి వజ్రాలనుకున్నారు. వజ్రాలు దొరకలేదు గాని పేరు నిలిచిపోయింది. నిజానికి ఇది లక్షల సంవత్సరాల కిందటి అగ్నిపర్వత విస్ఫోటనంలో ఎగసిన బూడిద గట్టిపడి ఏర్పడిన బిలం. శిఖరం ఎత్తు 232 మీటర్లు.

నడకదారి విహారయాత్రికుల కోసం వేసింది కాదు. అమెరికా సైన్యం హోనోలులు తీరాన్ని ఫిరంగులతో కాపాడుకునే ఏర్పాటులో భాగంగా 1908లో దీన్ని నిర్మించింది. అందుకే దారి చివర వింతగా ఉంటుంది: 74 మెట్లు, తరువాత 69 మీటర్ల పొడవైన సొరంగం, మళ్లీ నిటారుగా 99 మెట్లు. మొదటి భాగం సిమెంటు బాట, మధ్యభాగం ఎగుడుదిగుడు రాతినేల. సొరంగంలో ఇప్పుడు విద్యుద్దీపాలున్నాయి. చివరి మెట్లు ఎక్కలేనివారికి, దూరం కొంత ఎక్కువైనా ఆయాసం తక్కువగా ఉండే పక్కదారి కూడా ఉంది. అమ్మమ్మకు ఆ పక్కదారి సంగతి ముందే చెప్పడం మంచిది. లేకపోతే తొంభై తొమ్మిది మెట్లు చూసి ఆమె అక్కడే కూర్చుండిపోతారు.

సూత్రం 48 నిమిషాలని చెప్పిన ఈ నడకకు గంటన్నర నుండి రెండు గంటలు కేటాయించుకోవాలని పార్కు నిర్వాహకులు సూచిస్తారు. కుటుంబ నడకకు సూత్రం చెప్పిన సమయాన్ని రెట్టింపు చేసుకోవాలన్న నియమాన్ని మీరు ఇక్కడి నుండి గుర్తుపెట్టుకోవచ్చు. ఆగడం, నీళ్లు తాగడం, బల్లిని చూడడం, చెప్పులో రాయి తీయడం అన్నీ పిల్లల నడకలో భాగాలే.

ఇక్కడ ప్రధాన సమస్య ఎండ. ఇది ద్వీపంలో పొడిగా ఉండే పక్క. పైగా బిలం గోడలు చుట్టూ ఉండడం వల్ల లోపల గాలి ఆడదు. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య మొదలుపెట్టిన కుటుంబానికి ఇది ఆహ్లాదకరమైన నడక. పదకొండు గంటలకు మొదలుపెట్టినవారికి శిక్ష. దారి అదే, మారింది గడియారం మాత్రమే. రద్దీని అదుపులో పెట్టడానికి 2022 మే నెల నుండి హవాయి రాష్ట్రం బయటి నుండి వచ్చే సందర్శకులు ముందుగా సమయం రిజర్వు చేసుకోవాలన్న నిబంధన పెట్టారు. యాత్రను ఏర్పాటు చేసేవారు ఉదయపు సమయాలు ముందే అయిపోతాయని గుర్తుంచుకోవాలి.

5. మకాపూ: నిజంగా సులభమైనది

నా దృష్టిలో ఓఆహులో 'కుటుంబ నడక' అనే మాటకు అన్ని విధాలా తగిన దారి ఇదే. ద్వీపపు ఆగ్నేయ కొనన ఉన్న మకాపూ దీపస్తంభానికి 1909 నుండి దీపం ఉంది. ఆ దీపస్తంభానికి సామాన్లు తీసుకుపోవడానికి వాడిన పాత బాటే నేటి నడకదారి. బండ్లు ఎక్కడానికి వీలుగా వేసినది కనుక వాలు ఒకే తీరుగా, మెల్లగా ఉంటుంది. ఆసాంతం తారుబాట. మెట్లు లేవు. తోపుడు బండి, చేతికర్ర రెండూ సాగుతాయి.

దీపస్తంభం లోపలికి సందర్శకులను అనుమతించరు. పై నుండి చూడవచ్చు. దాని ఎత్తు 14 మీటర్లే అయినా, లోపలి కటకం 3.7 మీటర్ల ఎత్తుతో అమెరికాలోని దీపస్తంభాల కటకాలన్నిటిలోకీ పెద్దది. దీపస్తంభం పొట్టిగా ఉండడానికి కారణం సముద్రమట్టానికి సుమారు 130 మీటర్ల ఎత్తున్న కొండ గట్టు మీద దాన్ని కట్టడం. కొండే ఎత్తు ఇచ్చింది, కట్టడానికి ఎత్తు అక్కరలేకపోయింది. పిల్లలను అడగదగిన ప్రశ్న ఇది.

శీతాకాలంలో, అంటే ఇంచుమించు డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు, అలాస్కా వైపు నుండి మూపురపు తిమింగలాలు పిల్లలను కనడానికి ఈ వెచ్చని నీటిలోకి వస్తాయి. ఈ బాట మీద నిలబడే వాటి నీటి చిమ్ములను చూడవచ్చు. నడకకు విసుక్కునే పిల్లవాడు తిమింగలం కోసం మాత్రం ఎంత దూరమైనా నడుస్తాడు! కనుక దుర్భిణి ఒకటి వెంట ఉండడం మంచిది. కింద సముద్రంలో కనిపించే రెండు చిన్న దీవులు సముద్రపక్షుల ఆశ్రయాలు.

లోపాలూ ఉన్నాయి. దారిలో నీళ్లు దొరకవు, మరుగుదొడ్డి లేదు, నీడ లేదు. పైన గాలి టోపీలను ఎగరేసుకుపోయేంత బలంగా వీస్తుంది. చిన్నపిల్లలున్న కుటుంబానికి మరుగుదొడ్డి లేకపోవడం వాలుకన్నా పెద్ద సమస్య కావచ్చు. కరపత్రాలు ఈ విషయం రాయవు, మీరు రాయండి.

6. మానోవా: అవే అంకెలు, వేరే దారి

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. మానోవా లోయ వానపడే పక్క. దారి పొడవునా ఆకాశాన్ని కప్పేసే చెట్లు, వెదురు పొదలు, అల్లం జాతి మొక్కలు. ఎండ భయం లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి కూడా చల్లగా ఉంటుంది. దారి చివర సుమారు 46 మీటర్ల ఎత్తు నుండి పడే జలపాతం. డైమండ్ హెడ్‌లో ఉన్న కష్టం ఏదీ ఇక్కడ లేదు. మరి తేడా ఎక్కడ?

తేడా అంతా నీటితోనే. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. బయటికి తేలిన చెట్ల వేర్లు, పాచి పట్టిన రాళ్లు, బురద. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే జారిపడేవారు ఎక్కువ. పెద్దవారికి ఇది మోకాలి నొప్పి కాదు, తుంటి ఎముకకు సంబంధించిన విషయం. రబ్బరు చెప్పులతో ఈ దారికి రాకూడదు.

రెండోది మెరుపు వరద. లోయలు ఇరుకు, కొండలు నిటారు. కొండ అంచున కురిసిన వాన ఇంకడానికి వ్యవధి లేకుండా వాగులోకి దిగుతుంది. కింద నడిచేవారి మీద ఒక్క చినుకు పడకపోయినా వాగు కొన్ని నిమిషాల్లోనే పొంగవచ్చు. నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు మారడం, ఆకులూ కొమ్మలూ కొట్టుకురావడం, ఎగువ నుండి హోరు వినిపించడం దానికి గుర్తులు. అప్పుడు వాగును దాటే ప్రయత్నం చేయకూడదు. అవతలి ఒడ్డున చిక్కుకుపోయినా సరే, ఎత్తయిన చోట కూర్చుని నీరు తగ్గేదాకా ఆగాలి. చాలామంది చేసే పొరపాటు 'ఇంకా పెరగకముందే దాటేద్దాం' అనుకోవడం.

మూడోది కంటికి కనిపించదు. ఎలుకలు, అడవి పందులు, ముంగిసలు వంటి జంతువుల మూత్రం ద్వారా మంచినీటి వాగుల్లోకి చేరే సూక్ష్మజీవి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే వ్యాధి వస్తుంది. చర్మం మీది గాయాలు, కళ్లు, ముక్కు, నోటి ద్వారా అది ఒంట్లోకి చేరుతుంది. జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రబడడం దీని లక్షణాలు. ఇవి రెండు రోజుల నుండి నాలుగు వారాల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. అప్పటికి కుటుంబం సెలవులు ముగించుకుని ఇంటికి చేరి ఉంటుంది. డాక్టరుకు 'హవాయిలో వాగు నీళ్లలో దిగాం' అని చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. మందులతో నయమయ్యే జబ్బే, కాని ఆ ఒక్క వాక్యం చెప్పాలి. మోకాలు గీసుకుపోయిన పిల్లలను ఈ వాగుల్లో దింపకూడదు, ఆ నీరు తాగించకూడదు.

జలపాతం కింది మడుగులోకి దిగవద్దని మానోవాలో హెచ్చరిక పలకలున్నాయి. అందుకు పైన చెప్పిన కారణాలతోపాటు నాలుగోది ఒకటుంది: పై నుండి రాలే రాళ్లు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: డైమండ్ హెడ్, మానోవా దారులకు దూరం, ఎత్తు సమానమైనా భద్రతలో తేడా ఎందుకు వచ్చింది? ఐదు వాక్యాల్లో రాయండి.

7. 1999 మే 9

హవాయి అధికారులు జలపాతాల విషయంలో ఎందుకంత కఠినంగా ఉంటారో తెలియాలంటే ఒక సంఘటన తెలుసుకోవాలి. ఓఆహు ఈశాన్య తీరానికి దగ్గరగా సేక్రడ్ ఫాల్స్ అనే జలపాతం ఉంది. దాని హవాయి పేరు కలియువాఆ. ఒకప్పుడు అది ద్వీపంలో అందరికీ ఇష్టమైన నడక. ఇరుకు లోయ వెంట నడిచి, జలపాతం కింది మడుగులో ఈతకొట్టి, ఒడ్డున కూర్చుని తెచ్చుకున్నది తిని వచ్చేవారు.

1999 మే 9 ఆదివారం, అమెరికాలో మాతృదినోత్సవం. సెలవు కావడంతో మడుగు దగ్గర చాలామంది ఉన్నారు. పైనున్న కొండ గోడ నుండి రాతి చరియ విరిగి వారి మీద పడింది. 8 మంది చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. ఆ పార్కును ఆ రోజు మూశారు, ఇప్పటికీ తెరవలేదు.

తరువాత బాధిత కుటుంబాలు వేసిన దావాలో, సందర్శకులను హెచ్చరించడంలో రాష్ట్ర ప్రభుత్వం విఫలమైందని కోర్టు తేల్చింది. 2003లో హవాయి శాసనసభ ప్రభుత్వ భూముల్లోని ప్రమాదాలకు ఎలాంటి హెచ్చరిక పలకలు పెట్టాలో నిర్ణయించే చట్టం చేసింది. ఆ విధంగా పెట్టిన పలక ఉంటే ప్రభుత్వం తగిన హెచ్చరిక చేసినట్టే లెక్క. కాబట్టి ఈ ద్వీపంలో ఒక నడకదారి పక్కన పసుపుపచ్చ పలక కనిపిస్తే అది అలంకారం కాదు. దాని వెనుక చట్టం ఉంది, ఆ చట్టం వెనుక ఎనిమిది ప్రాణాలున్నాయి.

మడుగులో ఉన్నవారెవరూ సాహసయాత్రకు వెళ్లలేదు. జలపాతం నిలువైన రాతి గోడ ఉన్నచోటే ఏర్పడుతుంది. నీరు, వేర్లు, ఎండ వల్ల ఆ గోడ నిరంతరం పగులుతూనే ఉంటుంది. జలపాతం అందానికి కారణమైన నిటారు గోడే ప్రమాదానికీ కారణం. దూరం నుండి చూసి, ఫొటో తీసుకుని, నీడపట్టున కాకుండా గోడకు దూరంగా కూర్చోవడం పాటించదగిన పద్ధతి.

8. మరి పిల్లలు నీళ్లలో ఆడుకోవాలంటే?

ఉత్తర తీరంలోని వైమేయా లోయ ఇందుకు ఒక పరిష్కారం. ఇది రుసుము చెల్లించి వెళ్లే ఉద్యానవనం. వేల రకాల మొక్కల మధ్య నుండి ఒకవైపు కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరం చదునైన బాట మీద నడిస్తే చిన్న జలపాతం వస్తుంది. అక్కడ ప్రాణరక్షక సిబ్బంది ఉంటారు. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. వాగు ఉధృతంగా ఉన్నరోజు నీళ్లలోకి దింపరు. డబ్బు పెట్టి జలపాతం చూడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. చెల్లించేది జలపాతానికి కాదు, నీటిని గమనిస్తూ ఉండే మనిషికి.

దీనికి పూర్తిగా భిన్నమైనది ద్వీపపు పశ్చిమ కొస అయిన కాయెనా. ఎక్కుడు దాదాపు లేదు, ఒకవైపు దూరం సుమారు 4 కిలోమీటర్లు. 1940లలో మూతపడిన పాత రైలు మార్గపు కట్ట మీదుగానే చాలా భాగం నడక. సూత్రం ప్రకారం రానుపోను గంటా ముప్పై ఆరు నిమిషాలు, రెట్టింపు చేస్తే మూడు గంటల పైన. ఆ మూడు గంటలూ ఒక్క చెట్టు నీడ లేదు, ఒక్క కుళాయి లేదు. పదేళ్లు దాటిన పిల్లలకు పరవాలేదు, చిన్నవారికి వద్దు. కొసన ఉన్న అభయారణ్యంలో లేసాన్ ఆల్బట్రాస్ పక్షులు నవంబరు నుండి నేల మీదే గూళ్లు పెట్టుకుంటాయి. ఎలుకలు, ముంగిసలు, కుక్కలు వాటి గుడ్లనూ పిల్లలనూ తినకుండా 2011లో కంచె కట్టారు. గేటు దాటాక వెనుక గేటు మూసుకున్నదో లేదో చూసుకోవడం నడిచేవారి బాధ్యత. తీరాన మాంక్ సీల్ పడుకుని ఉంటే కనీసం 15 మీటర్లు, పిల్లతో ఉన్న తల్లి అయితే 45 మీటర్లు దూరం పాటించాలి. హవాయి ప్రజల సంప్రదాయంలో ఈ కొస, చనిపోయినవారి ఆత్మలు పరలోకానికి దూకే చోటు. అక్కడ గట్టిగా పాటలు పెట్టుకుని నడవడం బాగుండదు.

9. బయలుదేరే ముందు

మన ప్రాంతం నుండి వెళ్లినవారు సాధారణంగా మొదట అడిగేది పాముల గురించి. హవాయిలో విషసర్పాలు నేల మీద లేవు. మన పూలకుండీల్లో వానపాములా కనిపించే చిన్న గుడ్డిపాము మాత్రం మొక్కల మట్టితోపాటు అక్కడికీ చేరింది. అది ఏమీ చేయదు. జెర్రి మాత్రం ఉంది, కుడితే బాధ తెలుస్తుంది. కూర్చునే ముందు రాయి కింద, బూటు వేసుకునే ముందు లోపల చూసుకోవాలి.

రెండోది, చీకటి. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిటారుగా కుంగుతాడు కనుక సంధ్యాసమయం తక్కువ. సూర్యాస్తమయమైన అరగంటలోపే దారి కనిపించదు. అడవి కింద ఇంకా ముందే. సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు తిరుగుముఖం పట్టేలా లెక్క వేసుకోవాలి.

నీళ్లు మనిషికి ఒక లీటరు తక్కువ కాకుండా తీసుకెళ్లాలి. మూత గట్టి టోపీ, పొడవు చేతుల నూలు చొక్కా ఎండకు మంచి రక్షణ. ఎండ క్రీము కొనేవారికి ఒక మాట: పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న క్రీముల అమ్మకాన్ని హవాయి 2021 జనవరి 1 నుండి నిషేధించింది.

కొన్ని దారుల మొదట్లో బూట్లు తోముకునే బ్రష్షులు కనిపిస్తాయి. వెళ్లేటప్పుడు కూడా తోముకోవాలి, వచ్చేటప్పుడే కాదు. ఓహియా అనే స్థానిక వృక్షాన్ని కొద్ది వారాల్లోనే ఎండబెట్టే ఒక శిలీంధ్ర వ్యాధిని 2014లో హవాయి పెద్ద ద్వీపంలో గుర్తించారు. 2019లో దాని ఆనవాళ్లు ఓఆహులోనూ దొరికాయి. బూట్లకు అంటిన మట్టితో అది వ్యాపించగలదు. కలుపు విత్తనాలూ అంతే. మనం పెరట్లో ప్రేమగా పెంచుకునే జామ, అక్కడి అడవిలో దాని దాయాదులతో కలిసి స్థానిక చెట్లను తోసేసిన కలుపు!

అభ్యాసం

1. పర్వతీయ వర్షపాతం అంటే ఏమిటి? ఓఆహులో ఒకే రోజు రెండు నడకదారుల పరిస్థితి ఎందుకు వేరుగా ఉంటుందో వివరించండి.

2. ఒక దారి రానుపోను 4 కిలోమీటర్లు, ఎక్కుడు 200 మీటర్లు. నైస్మిత్ సూత్రం ప్రకారం సమయం, సగటు వాలు లెక్కగట్టండి. కుటుంబానికి ఎంత సమయం కేటాయిస్తారు?

3. మీ జిల్లాలో జనం సెలవురోజు వెళ్లే ఒక కొండనో జలపాతాన్నో ఎన్నుకోండి. ఒకసారి స్వయంగా నడిచి చూసి, ఐదేళ్ల పాప, అరవై ఐదేళ్ల తాతగారు ఉన్న కుటుంబానికి ఇవ్వదగిన సమాచార పత్రాన్ని ఒక పేజీలో రాయండి. 'సులభం' అనే మాట వాడకూడదు.